రబ్బరు మొక్కల విషయంలో జరిగిన పొరపాటు గురించి మా ఖాతాదారులకు

విజయనగరంలోని మా నర్సరీకి ఏళ్ల తరబడి వస్తున్న పెద్దలకు, అమ్మలకు, మిత్రులకు నమస్కారం. దసరాకు ముందు మా దగ్గర మీరు కొన్న రబ్బరు మొక్కల్లో చాలావాటికి కింది ఆకులు పసుపుబారి, రోజుకొకటి చొప్పున రాలిపోతున్నాయి. అమ్మినవి 43, కార్తీక పౌర్ణమి నాటికి వాటిలో 17 తిరిగి మా గేటు దగ్గరికి వచ్చాయి. ఫోనులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పడం కంటే, జరిగినదంతా ఒకేచోట రాసి మీ ముందు ఉంచడమే మర్యాద అనిపించింది.

ఇండోర్ మొక్కలను మేము ఏటా కడియం వైపు నుంచి తెప్పించుకుంటాం. ఈసారి ఎప్పుడూ ఇచ్చే రైతు ధర పెంచడంతో, మొక్కకు ఇరవై రూపాయలు కలిసివస్తాయన్న ఆశతో నేను కొత్త మనిషి దగ్గర 120 మొక్కలు తీసుకున్నాను. లారీ దిగినప్పుడు వాటి ఆకులు నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. చిగురు చివర ఎర్రటి తొడుగు కూడా విచ్చుకోబోతోంది. కొత్తగా వచ్చిన మొక్కను మూడు వారాలు షేడ్ నెట్ కింద ఉంచి, మన నీటికీ గాలికీ అలవాటు పడిన తరువాతే అమ్మడం మా పద్ధతి అని మీకు తెలుసు. దసరా, సిరిమానోత్సవం బేరం తలుపు తట్టేసరికి ఆ పద్ధతిని నేనే పక్కనపెట్టి, నాలుగో రోజుకే మొక్కలను ముందు వరుసలో నిలబెట్టాను. ఇందులో మా పనివాళ్ల తప్పు లేదు.

తిరిగి వచ్చిన మొదటి మొక్కను కుండీలోంచి తీసి చూసినప్పుడు అసలు సంగతి బయటపడింది. పైన రెండు అంగుళాలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), దాని కింద వేళ్ల నడుమ పిడికెడంత నల్లటి బంకమట్టి ముద్ద. లారీలో కుదుపులకు వేరుముద్ద విడిపోకుండా, దారిలో నీళ్లు పోయకపోయినా ఎండకుండా ఉంటుందని బంకమట్టి వాడతారు. ప్రయాణం వరకు అది మంచిదే, కుండీలో మాత్రం యమపాశం. ఎనిమిది రోజులుగా నీళ్లు పోయలేదని ఆ ఇంటి అమ్మగారు చెప్పిన మాట అక్షరాలా నిజం. అయినా ఆ ముద్దను వేళ్లతో నొక్కితే చెమ్మ ఊరింది. లోపలి వేళ్లు నల్లబడి, పట్టుకుంటే పైతోలు ఊడి దారంలా చేతిలోకి వచ్చాయి. మురుగు వాసన సంగతి సరేసరి.

నన్ను ఎక్కువగా కుంగదీసింది మరొకటి ఉంది. కుండీలో రెండు కణుపుల లోతు వరకు వేలు పెట్టి చూడండి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయండి అని ఇన్నేళ్లుగా మీకు చెబుతున్నది నేనే. ఈ మొక్కల్లో ఆ వేలికి తగిలేది పైనున్న కోకోపీట్ మాత్రమే. అది రెండు రోజుల్లో ఆరిపోతుంది, అడుగున బంకమట్టి తడిగానే ఉంటుంది. నా మాట నమ్మి జాగ్రత్తగా వేలు పెట్టి చూసినవాళ్ల మొక్కలే ముందు కుళ్లాయి. మరిచిపోయి వదిలేసినవాళ్లవి బతికాయి. “మీ హస్తవాసి తగ్గినట్టుందండీ” అని ఒక అమ్మగారు నలుగురి ముందూ అన్నప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ మాట ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

మా పాత ఖాతాదారు, విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు న్యాయమైన ప్రశ్న అడిగారు. మేఘాలయలో చిరపుంజి దగ్గర ఇదే చెట్టు వేళ్లను వాగుల మీదుగా అల్లి మనుషులు నడిచే వంతెనలుగా పెంచుతారు కదా, అంత వానలో బతికే చెట్టు నీళ్లెక్కువై చావడమేమిటని వారి సందేహం. రబ్బరు మొక్క మన మర్రి, రావి, మేడి వంశానిది. అడవిలో తరచుగా వేరే చెట్టు కొమ్మ మీద మొలిచి, వేళ్లను గాలిలోకి వదిలి నేలకు దింపుతుంది. అక్కడ ఎంత వాన కురిసినా నీరు జారిపోతుంది, వేరుకు గాలి అందుతూనే ఉంటుంది. బంకమట్టిలో ఆ గాలే కరువు. మొక్కను చంపింది నీరు కాదు, ఊపిరాడకపోవడం. (టైర్లకు పాలిచ్చే చెట్టు ఇది కాదని కూడా ఈ సందర్భంలో చెప్పాలి. అది అమెజాన్ అడవుల నుంచి వచ్చిన వేరే జాతి. ఒకప్పుడు అస్సాంలో దీని పాలతోనూ రబ్బరు తీసేవారు కనుక ఈ పేరు నిలిచిపోయింది.)

మిగిలిన 77 మొక్కలను ఏం చేయాలన్నది తేలక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అమ్మిన మనిషికి ఫోన్ చేస్తే, మొక్క చచ్చిందంటే నీళ్లు పోసినవాళ్ల తప్పేనని చెప్పి పెట్టేశాడు. తక్కువ ధరకు సంతలో వదిలించుకోమని ఒక తోటి వ్యాపారి సలహా ఇచ్చాడు; కొన్నవాళ్ల ఇంట్లో చస్తే మన పేరు ఎవరికి గుర్తుంటుందని అతని లెక్క. బంకమట్టి అంతా కడిగేద్దామంటే సన్నటి పీచువేళ్లు తెగిపోతాయి, అసలే నీరసించిన మొక్క ఆ దెబ్బకు తట్టుకుంటుందా అన్న అనుమానం. కడగకుండా వదిలేస్తే కుళ్లు ఆగదు. బలానికి కాస్త ఎరువు వేసి చూద్దామా అని నేను అంటే, మా దగ్గర పనిచేసే పెద్దావిడ నవ్వి, “ఊబిలో దిగిపోయిన దూడకి మేతెడితే లెగుత్తాదేటి బాబూ” అంది. ఆ మాటతో ఎరువు ఆలోచన మానుకున్నాను.

చివరికి ఆరు మొక్కలను వేరుచేసి, మూడింటికి మట్టి పూర్తిగా కడిగి, మూడింటికి బయటి పొర మాత్రమే విడదీసి, నడిమి ముద్దను మూడు నాలుగు చోట్ల పుల్లతో గుచ్చి వదులు చేసి కొత్త మట్టిలో పెట్టాను. మూడు వారాల్లో పూర్తిగా కడిగినవి సగానికి పైగా ఆకులు రాల్చాయి, ఒకటి ఎండిపోయింది. పొర మాత్రమే తీసినవాటిలో ఒకదానికి రెండు ఆకులు పసుపుబారాయి, మిగతా రెండూ నిలదొక్కుకున్నాయి. ఆరు మొక్కలతో శాస్త్రం తేలదని నాకూ తెలుసు. అయినా ఏదో ఒక నిర్ణయం తీసుకోక తప్పదు కనుక, వేరు గట్టిగా ఉన్నవాటికి బయటి పొర మాత్రమే తీయాలని, కుళ్లు మొదలైనవాటికి మాత్రం మొత్తం కడగాలని తీర్మానించుకున్నాను. సంక్రాంతి వరకు మా నర్సరీలో రబ్బరు మొక్క అమ్మకం లేదు. కార్తీకంలో గృహప్రవేశాల బేరం పోతుందని ఇంట్లోవాళ్లు అంటున్నారు. పోనివ్వండి.

మీ ఇంట్లో ఉన్న మొక్కకు ఇకమీదట వేలితో పరీక్ష వద్దు. సన్నటి వెదురు పుల్లను కాండానికి జానెడు దూరంలో కాక దగ్గరగా, వేరుముద్దలోకి దించి, పది నిమిషాలు ఆగి తీయండి. పుల్లకు నల్లటి తడి మట్టి అంటితే నీళ్లు పోయవద్దు. ఆకులు పసుపుబారి ఊడుతున్నా కాండం మొదలు గట్టిగా ఉంటే మొక్క దక్కుతుంది: కుండీలోంచి తీసి, బంకమట్టి కడిగేసి, నల్లబడిన మెత్తటి వేళ్లను శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, రెండు పాళ్లు మన ఎర్రమట్టి, ఒక్కో పాలు చొప్పున కోకోపీట్, చంపావతి నది ముతక ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపిన మట్టిలో, మిగిలిన వేళ్లకు సరిపోయే చిన్న కుండీలోనే పెట్టండి. సముద్రతీరపు ఇసుక వాడకండి, అందులో ఉప్పు ఉంటుంది. కొత్త ఆకు విచ్చుకునే వరకు మరే ఎరువూ వద్దు. కాండం మొదలు మెత్తబడితే కింది భాగం మీద ఆశ వదులుకుని, పైన గట్టిగా ఉన్న కొమ్మను రెండు మూడు ఆకులతో కోసి, కారే పాలు కడిగి తడి ఇసుకలో నాటండి. ఆ పాలు కొందరికి చర్మం మీద మంట పుట్టిస్తాయి, పిల్లికీ కుక్కకీ కూడా మంచివి కావు. ఒట్టి ఆకును నీటిలో పెడితే వేళ్లు రావచ్చు కానీ, కణుపు లేనిదే అది ఎన్నటికీ మొక్క కాదు.

అయితే నెపమంతా మా మీదే వేయడం కూడా న్యాయం కాదని సవినయంగా మనవి చేస్తున్నాను. తిరిగి వచ్చిన 17లో నాలుగు బంకమట్టి వల్ల పాడైనవి కావు; వాటిలో మూడింటి వేళ్లు తెల్లగా, గట్టిగానే ఉన్నాయి. ఒకటి ఏసీ గాలి సూటిగా తగిలే చోట, రెండు పగలు కూడా దీపం వేయాల్సిన హాలు మూలన ఉన్నాయని అడిగితే తెలిసింది. షేడ్ నెట్ కింది వెలుతురుకు అలవాటుపడిన మొక్కను ఒక్కసారిగా చీకటి మూలకు చేర్చితే ఆకు రాల్చక ఏం చేస్తుంది? తూర్పు కిటికీ పక్కన ఉంచండి. తెల్లటి మచ్చల ఆకుల రకానికి ఇంకొంచెం ఎక్కువ వెలుతురు కావాలి. నాలుగోది అడుగున చిల్లు లేని పింగాణీ కుండీలో రెండు అంగుళాల నీటిలో నిలబడి ఉంది. దాని గురించి నేను ఇంకేమీ అనను. ఆకు అడుగున పిండినల్లి, పొలుసు పురుగు కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల ద్రవ సబ్బు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేసి, మర్నాడు తడిగుడ్డతో తుడవండి.

డబ్బు వాపసు ఇవ్వను. మొక్కకు మొక్క ఇస్తాను, అదీ సంక్రాంతి తరువాతే. బిల్లు లేకపోయినా ఫర్వాలేదు కానీ, చనిపోయిన మొక్కను కుండీతో, మట్టితో సహా తీసుకురండి. అనుమానంతో అడగడం లేదు, ఆ ముద్దను నా కళ్లతో చూడాలి. బతికున్నవాటికి మట్టి మార్పు ఉచితం, ఉదయం పది లోపు వస్తే మీ ఎదుటే చేస్తాం. వచ్చే ఏడాదికి ఈ మొక్కలను కొనకూడదని నిశ్చయించుకుని, మా తల్లి మొక్కల మీదే మాఘం వెళ్లాక గాలి అంట్లు (కొమ్మకు మొక్క మీదే వేళ్లు పుట్టించి వేరుచేయడం) కట్టబోతున్నాను. అవి బహుశా ముప్పైకి మించి రావు.

హస్తవాసి మాట అన్న అమ్మగారి మొక్క మాత్రం ఇంతవరకు రాలేదు. ఆవిడ కోసం నిలదొక్కుకున్న రెండింటిలో ఒకటి వెనక వరుసలో పక్కన పెట్టి ఉంచాను. తెచ్చిన రోజున ఆ మట్టి కడిగేది పనివాళ్లు కాదు, నేనే.