పల్టీ కొట్టే ముందు పిక్కలు చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి జిల్లా ఎడిషన్‌లో విశాఖ ఆర్కే బీచ్ కుర్రాడొకడు గాల్లో తలకిందులుగా ఉన్న ఫొటో వేశారు. వెనక సముద్రం, పొద్దుటెండ. ఫొటో చాలా బాగుంది. దాని తర్వాతి క్షణం మాత్రం మీ కెమెరాకి దొరకలేదు. అది నాకు రోజూ కనిపిస్తుంది. 31 ఏళ్లు హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టారుగా (పీఈటీగా) చేసి రిటైరయ్యాను. ఇప్పుడు పెదవాల్తేరులో ఉంటూ పొద్దున్నే కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడిచి వస్తుంటాను.

ఆ దారిలో ఐదారుగురు కుర్రాళ్లు పల్టీలు నేర్చుకుంటుంటారు. "తాతగారూ, ఒక్క వీడియో తీసిపెట్టరా" అని ఫోను నా చేతిలో పెట్టేస్తారు. తీస్తాను. తీసినదాన్ని స్లో మోషన్‌లో చూస్తే ప్రతిసారీ అదే వరస. ఎగరడం బాగుంటుంది, తిరగడం బాగుంటుంది, నేలకొచ్చేసరికి మడమలు ఆనవు. మునివేళ్ల మీద పడి, ఛాతీ ముందుకు తూలి, రెండు చేతులూ ఇసుకలో గుచ్చి లేస్తారు. "ఇంకొంచెం ఎత్తు ఎగరాలేమో తాతా" అంటాడు ఒకడు. ఎత్తు సరిపోయింది నాయనా, నీ చీలమండ వంగట్లేదు.

పైనుంచి పడే ఒంటి బరువుని కాలు మూడు చోట్ల మడిచి దించుకుంటుంది: తుంటి, మోకాలు, చీలమండ. చీలమండ వంగాలంటే వెనక పిక్క సాగాలి. పిక్క బిగుసుకుని ఉంటే మోకాలు కాలివేళ్లు దాటి ముందుకు రాదు. అప్పుడు మడమైనా లేస్తుంది, పాదమైనా లోపలికి వాలుతుంది, లేకపోతే నడుము వంగుతుంది. చీలమండ చేయాల్సిన పని మోకాలి నెత్తిన పడుతుంది.

ఈ సంగతి నాకూ మొదట్లో తెలీదు. 1990ల్లో విజయనగరం జిల్లాలో పనిచేస్తున్నప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. పిల్లిమొగ్గలు, చక్రాలు నీళ్లు తాగినంత తేలిగ్గా వేసేది. చెక్కపెట్టె మీంచి దూకితే మాత్రం ముందుకు బోర్లా పడేది. గుంజీలు తీయమంటే మడమలెత్తి తీసేది. మడమలు ఆనించమంటే వెనక్కి కూలబడేది. బద్ధకమనుకుని ఇంకో పది గుంజీలు వేయించాను. ఆ పాపం నాదే. తర్వాత ఆటల పోటీలకు వచ్చిన ఫిజియోథెరపీ డాక్టరుగారు ఆ పిల్లని గోడ దగ్గర నిలబెట్టి, నా చేతిలో సుద్దముక్క తీసుకుని నేల మీద ఒక గీత గీశారు. ఆ రోజు నేర్చుకున్నదే ఇప్పటికీ చెబుతున్నాను.

పరీక్ష చాలా సులువు. గోడకెదురుగా చెప్పుల్లేకుండా నిలబడి, ఒక పాదం సూటిగా గోడవైపు పెట్టండి. మడమ నేలకి ఆనించి ఉంచి మోకాలిని గోడకి తగిలించండి. తగిలితే పాదం కొద్దిగా వెనక్కి జరిపి మళ్లీ చూడండి. మడమ లేవకుండా మోకాలు తగిలే ఆఖరి చోట, బొటనవేలికీ గోడకీ మధ్య దూరాన్ని పిల్లల కంపాస్ బాక్సులో స్కేలుతో కొలవండి. దాదాపు 10 సెంటీమీటర్లు వస్తే ఫరవాలేదు. నాలుగో ఐదో వస్తే పల్టీల సంగతి కొన్నాళ్లు ఆపి పిక్కల సంగతి చూడాలి. రెండు కాళ్లూ కొలవండి. ఎప్పుడో బెణికిన కాలు చాలాసార్లు వెనకబడి ఉంటుంది. కొలిచేటప్పుడు పాదం మధ్య వంపుని కనిపెట్టుకుని ఉండాలి. అది లోపలికి కూలితే మోకాలు గోడకి తగులుతుంది గానీ అది దొంగ లెక్క.

ఇక సాగదీయడం. అందరికీ తెలిసింది గోడకి చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి నిటారుగా పెట్టడం ఒక్కటే. దాంతో సగం పనే అవుతుంది. పిక్కలో కండరాలు ప్రధానంగా రెండు. పైకి ఉబ్బుగా కనిపించే గ్యాస్ట్రోక్నీమియస్ మోకాలి పైనుంచి మొదలై మడమ దాకా వస్తుంది. అందుకే మోకాలు నిటారుగా ఉంటేనే సాగుతుంది. దాని కింద సోలియస్ అని ఇంకొకటుంది. అది మోకాలిని దాటదు. మోకాలు వంచి, మడమ నొక్కి పెట్టినప్పుడు పట్టు దానికి తగులుతుంది. మనం దూకి దిగేది మోకాళ్లు వంచే కదా? ఆ అమ్మాయికి బిగిసింది సోలియసే. అందుకని ఒక్కో కాలికి రెండు రకాలుగానూ, అరనిమిషం చొప్పున మూడేసి సార్లు, వారానికి ఐదు రోజులు చేయాలి. ఊగకూడదు, కుదుపులు ఇవ్వకూడదు. ఒళ్లు వెచ్చబడ్డాక, అంటే ఆట అయిపోయాక చేయడం మేలు. దూకే ముందు ఎక్కువసేపు పట్టి సాగదీస్తే స్ప్రింగు కొంచెం తగ్గుతుంది. ముందు తాడాట, మడమల మీద నడక, మునివేళ్ల మీద నడక చాలు.

సాగితే చాలదు, సాగినచోట బలం కూడా ఉండాలి. మెట్టు అంచున మునిపాదాల మీద నిలబడి, పక్కన రెయిలింగు పట్టుకుని, మడమలు పైకెత్తి, మూడు నాలుగు అంకెలు లెక్కపెట్టేంత నిదానంగా మెట్టు కిందికి దించాలి. పదిహేను సార్లు, మూడు విడతలు. మర్నాడు మెట్లు దిగుతుంటే పిక్కలు తిట్టుకుంటాయి. తేడా కనబడటానికి ఆరేడు వారాలు పడుతుంది. ఇంకో మాట. సాగదీసేటప్పుడు లాగడం పిక్కలో తెలియాలి. చీలమండ ముందువైపు గుచ్చినట్టో, ఏదో అడ్డుపడ్డట్టో ఉంటే గొడవ పిక్కది కాదు, కీలుది. అప్పుడు బలవంతం చేయకుండా డాక్టరుకి చూపించుకోవాలి.

బలవంతం సంగతి నాకు బాగా తెలుసు. ట్రైనింగులో ఉన్న రోజుల్లో మా ఇన్‌స్ట్రక్టరు ఒకాయన నన్ను కాళ్లు చాపి కూర్చోబెట్టి, నాకంటే బరువైనవాడి చేత పాదాన్ని గబగబా తోయించారు. మడమ వెనక తాడులా తగిలే అకిలిస్ టెండన్ దగ్గర చురుక్కుమంది. మూడు నెలలు కుంటుతూ నడిచాను. ఇప్పటికీ చలికాలం పొద్దున్న మొదటి పది అడుగులు ఆయన్ని తలుచుకుంటూనే వేస్తాను.

2016 రియో ఒలింపిక్స్‌లో త్రిపుర జిమ్నాస్ట్ అమ్మాయి దీపా కర్మాకర్ ప్రొడునోవా వాల్ట్ (పరుగెత్తుకొచ్చి, బల్ల మీద చేతులాన్చి ఎగిరి, గాల్లో ముందుకు రెండు పల్టీలు కొట్టి దిగడం) చేసినప్పుడు అందరూ గాల్లో తిరగడమే చూశారు. నేను దిగడం చూశాను. పిరుదులు మ్యాట్‌కి తగిలేంత కిందికి వెళ్లి మళ్లీ లేచింది. ఆ లోతున చీలమండ ఎంత వంగి ఉంటుందో ఆలోచించండి. పైగా ఆమెవి పుట్టుకతో చదును పాదాలు. కోచ్ బిశ్వేశ్వర్ నంది వాటి మీద ఏళ్ల తరబడి పనిచేయించారు. 15.066 పాయింట్లతో నాలుగో స్థానం. 0.150 తేడాలో కాంస్యం పోయింది. రెండేళ్లకి మన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో అదే వాల్ట్ విభాగంలో కాంస్యం తెచ్చింది. వీళ్లను చూసి ఎగరాలనుకునే పిల్లలు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. వాళ్లకి ఫోము గుంతలు, స్ప్రింగు ఫ్లోర్లు ఎప్పుడొస్తాయో గానీ, గోడ, మెట్టు లేని బడి లేదు.

మా చిన్నప్పుడు ఇవేవీ అక్కర్లేకపోయింది. గోళీలాడినా, అంట్లు తోమినా, బస్సు కోసం చూసినా గొంతుక్కూర్చునేవాళ్లం. మా మనవడికి పదకొండేళ్లు. గొంతుక్కూర్చోమంటే మడమలు లేచిపోయి వెనక్కి దొర్లి నవ్వుతాడు. కమోడ్లు, డైనింగ్ టేబుళ్లు వద్దనడం లేదు (నా మోకాళ్లకి కమోడే కావాలి). పిల్లలు రోజుకి రెండు నిమిషాలు, కావాలంటే కిటికీ ఊచ పట్టుకునైనా, అలా కూర్చుంటే చాలంటాను.

మీకు నా విన్నపం ఒకటే. ఈసారి పల్టీల ఫొటో వేసినప్పుడు పక్కన చిన్నదిగా గోడ, స్కేలు, పాదం ఉన్న బొమ్మ కూడా వేయండి. అలాగే పీఈటీ మిత్రులకు: వరండా గోడ కింద సున్నంతో పది సెంటీమీటర్ల దగ్గర ఒక గీత గీసి పెట్టండి. గేమ్స్ పీరియడ్‌ని లెక్కల మాస్టారు పట్టుకుపోయిన రోజున కూడా పిల్లలు వస్తూ పోతూ కాలు పెట్టి చూసుకుంటారు.

బీచ్ కుర్రాళ్లలో ఒకణ్ణి రోడ్డు పక్క పిట్టగోడ దగ్గర నెల రోజులుగా కొలుస్తున్నాను. కుడికాలు తొమ్మిదికి వచ్చింది, ఎడమది ఆరు దగ్గర ఆగింది. నిరుడు క్రికెట్‌లో బెణికిన కాలట. అదీ తొమ్మిదయ్యేదాకా నీ వీడియో తీయనని చెప్పేశాను. ప్రస్తుతానికి వేరే తాతగారి చేత తీయించుకుంటున్నాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
పెదవాల్తేరు, విశాఖపట్నం