మంత్రి గారూ, ఆ బీరువా తాళం తీయించండి

తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం. బడి పిల్లలకు సూక్ష్మజీవులను కళ్లారా చూపించమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను హనుమకొండలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. రోగి నమూనాలోని బ్యాక్టీరియాను పెంచి, ఏ మందు పనిచేస్తుందో చూసి ఇచ్చేది కల్చర్ రిపోర్టు. అందులో ఒక్కో యాంటీబయాటిక్ ఎదురుగా ఎస్ అనో ఆర్ అనో వేస్తాం. ఎస్ అంటే ఆ మందుకు బ్యాక్టీరియా లొంగుతుంది, ఆర్ అంటే మొండికేసింది. కొన్ని రిపోర్టుల్లో పై నుంచి కిందిదాకా ఆర్‌లే కొట్టుకుంటూ పోవాల్సి వస్తోంది.

మొన్న ఒకాయన బిడ్డ రిపోర్టు కోసం వచ్చాడు. జ్వరం తగ్గగానే యాంటీబయాటిక్ గోలీలు ఆపేశారట. మిగిలినవి ఇంట్లో చిన్నోడికి జలుబు చేస్తే వేశారట. ఆ అమ్మాయి పక్కనే ఉంది, పదో తరగతి.

"వాటితో జలుబు తగ్గుతుందా బిడ్డా?"

"ఎందుకు తగ్గది మేడం, యాంటీబయాటికే కదా!"

జలుబు వైరస్‌తో వస్తుందనీ, యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీదే పనిచేస్తుందనీ ఆమెకు తెలియదు. మొదటి యాంటీబయాటిక్‌లలో ఒకటైన పెన్సిలిన్ ఎవరు కనిపెట్టారంటే మాత్రం ఫ్లెమింగ్, 1928 అని టక్కున చెప్పింది. ఎనిమిదో తరగతిలో సూక్ష్మజీవుల పాఠం చదివింది, పరీక్ష రాసింది. ఒక్క సూక్ష్మజీవినీ కళ్లతో చూడలేదు.

మా అబ్బాయి చదివే సర్కారు బడిలో మైక్రోస్కోప్ ఉంది, బీరువాలో. లెన్స్ పగిలితే డబ్బులు తన జీతంలోంచి కట్టాలేమోనని టీచర్‌కు టెన్షన్. ఆమె స్థానంలో ఉంటే నేనూ తాళం వేసుకునేదాన్నే. అందుకే నా మొదటి విన్నపం: పిల్లలు వాడుతుండగా పాడైన సామాను ఖర్చు టీచర్ మీద పడదని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి.

సూక్ష్మజీవుల పని పిల్లలకు చూపించే మిగతా పద్ధతులకు పెద్ద ఖర్చు లేదు. వానాకాలంలో మన పత్తి చేలల్లో అంతరపంటగా కంది ఉంటుంది. ఒక మొక్కను మట్టితో సహా మెల్లగా పెకిలించి వేళ్లు కడిగితే చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. బ్లేడుతో కోస్తే లోపల లేత ఎరుపు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్ రంగు అది. ఆ బుడిపెల్లో ఉండే రైజోబియం అనే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తోందనడానికి గుర్తు. యూరియా కోసం క్యూలో చెప్పులు పెట్టి కూర్చునే రైతుల పిల్లలు వీళ్లు. ఈ బుడిపె వాళ్లకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి?

ఆలుగడ్డ ముక్కలూ చాలు. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ కూడా మొదట్లో బ్యాక్టీరియాను వాటి మీదే పెంచాడు. కుక్కర్‌లో ఉడికించిన రెండు ముక్కలు తీసుకుని, ఒకదాన్ని కడగని వేలితో, ఇంకోదాన్ని సబ్బుతో కడిగిన వేలితో తాకించి, వేర్వేరు సీసాల్లో మూతపెట్టి ఉంచాలి. నాలుగు రోజుల్లో తేడా కనిపిస్తుంది. ఆ మూత పిల్లలు తీయకూడదు. చివర్లో టీచరే బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పోసి పారేయాలి. ఈ జాగ్రత్త కూడా పాఠమే.

రెండో విన్నపం. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని బ్రిటిష్ డాక్టర్ రొనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ఏటూరునాగారం వైపు పిల్లలకు మలేరియా పుస్తకంలో జబ్బు కాదు, ఇంట్లో జబ్బు. ఏడాదికి ఒక్కరోజు వాళ్లను దగ్గర్లోని పీహెచ్‌సీకి తీసుకెళ్లి మలేరియా రక్తపు చుక్క ఉన్న స్లైడ్ చూపించే ఏర్పాటు చేయండి. ఆరోగ్యశాఖతో ఒక్క మాట మాట్లాడితే అయ్యే పని.

గురువారం మధ్యాహ్నాలు నాకు డ్యూటీ ఉండదు. హనుమకొండ చుట్టుపక్కల ఏ బడి పిలిచినా స్లైడ్లు, సూక్ష్మజీవులు కనబడేలా వేసే రంగులు నేనే తెచ్చుకుంటాను. మైక్రోస్కోప్ మాత్రం మీ బీరువాలోది కావాలి.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్, హనుమకొండ