సాలిస్‌బరీ చూసి వచ్చాక నాన్నగారికి

సౌతాంప్టన్, ఇంగ్లండ్,
ఆదివారం రాత్రి

నాన్నగారికీ, అమ్మకీ నమస్కారాలు.

నేను బాగున్నాను. డ్యూటీలు మామూలే, ఈ వారం రాత్రి షిఫ్టు లేదు, అంతకు మించి ఆసుపత్రి గురించి రాయడానికి ఏమీ లేదు. దగ్గు పూర్తిగా తగ్గింది. అమ్మా, నువ్వు పంపిన కరక్కాయతోనే తగ్గిందని ఒప్పుకుంటున్నాను, ఇక ఆ సంగతి అడగవద్దు.

ఫోనులో అయితే మీరిద్దరూ ఒకేసారి అందుకుంటారు, నేను చెప్పదలచుకున్నది నోట్లోనే ఉండిపోతుంది. అందుకే ఈ ఉత్తరం.

నిన్న సెలవు దొరికితే సాలిస్‌బరీ వెళ్ళాను. ఇక్కడి నుంచి రైల్లో అరగంట పైచిలుకు. ఆ పేరు వినగానే తమ్ముడు “విషం పెట్టిన ఊరు కదా” అన్నాడట, అమ్మ కంగారు పడిందట. అది 2018 నాటి మాట. రష్యా నుంచి వచ్చిన ఇద్దరు ఒక పాత గూఢచారి ఇంటి తలుపు పిడికి విషం పూశారని ఇక్కడి పోలీసులు తేల్చారు. వాళ్ళేమో టీవీలో కూర్చుని, 123 మీటర్ల చర్చి గోపురం చూడటానికే వెళ్ళామని చెప్పారు! తర్వాత ఊరంతా నెలల తరబడి శుభ్రం చేశారు. నిన్న శనివారం సంత, కాలు పెట్టడానికి చోటు లేదు. నేనూ ఆ గోపురం కోసమే వెళ్ళాను, నన్నెవరూ అనుమానించలేదు.

మంగళగిరి గోపురాలు రెండు ఒకదానిమీద ఒకటి పెట్టినా దీని ఎత్తు రాదు. 404 అడుగులు, ఈ దేశంలో చర్చి గోపురాల్లో ఇదే ఎత్తయినది. నాన్నగారూ, పునాది ఎంతో ఊహించండి. నాలుగడుగులు! మన ఇంటికి మీరు దగ్గరుండి తవ్వించిన గుంతలు అంతకన్నా లోతు.

మొదట ఈ ఊరు దగ్గర్లోని గుట్టమీద ఉండేదట. అక్కడ నీళ్ళు లేవు, గాలి ఎక్కువ, పైగా కోటలోని సైనికులకూ చర్చి వాళ్ళకూ పడేది కాదు. 1220లో కిందికి దిగి, నది పక్కన పల్లపు నేలలో కొత్త చర్చి మొదలుపెట్టారు. అక్కడ నాలుగడుగులు తవ్వితే ఊట. కింద గులకరాళ్ళ పొర, దానిమీద ఇంత బరువు. ఆ గులక ఎప్పుడూ తడిసే ఉండాలి, ఊట తగ్గినా పెరిగినా చిక్కే. లోపల నేలమీద ఒక చిన్న మూత తీసి, కర్ర దించి, నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో చూపించారు. అది చూస్తుంటే సాగర్ కుడి కాలువ గట్టుమీద గేజి చదివి పుస్తకంలో రాసుకుంటున్న మీరే గుర్తొచ్చారు. మీరు పక్కన ఉంటే ఆ గైడును సాయంత్రం దాకా వదిలేవారు కాదు.

అసలు సంగతి ఇంకా ఉంది. ముందు కట్టినవాళ్ళు ఇంత గోపురం అనుకోలేదు. 1258 నాటికి చర్చి పూర్తయింది, పొట్టి శిఖరంతో. ఆ తర్వాతి తరం వాళ్ళు, పద్నాలుగో శతాబ్దం మొదట్లో, అదే పునాదిమీద ఈ గోపురం లేపారు. 6,500 టన్నుల అదనపు బరువు. మధ్యలో నిలబడి తల ఎత్తితే నాలుగు రాతి స్తంభాలూ వంగి ఉండటం కంటికే కనిపిస్తుంది. వాటి మధ్య తర్వాత ఆనింపు కమానులు కట్టారు, పైన ఇనుప పట్టీలు బిగించారు. 1668లో క్రిస్టఫర్ రెన్ అనే పేరున్న వాస్తుశిల్పి వచ్చి కొలిస్తే గోపురం కొస రెండడుగులకు పైగా పక్కకు ఒరిగి ఉందట. పడలేదు, నిజమే. కానీ అప్పటి నుంచి ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సి వస్తోంది.

మాగ్నా కార్టా, అదే రాజు కూడా చట్టానికి లోబడాలన్న పాత పత్రం, అది కూడా ఇక్కడే ఉంది, 1215 నాటిది, మిగిలిన నాలుగు ప్రతుల్లో ఒకటి. తమ్ముడి పరీక్షలకు పనికొస్తుందని రాస్తున్నాను. నాకైతే ముఖంలేని గడియారం నచ్చింది. 1386 నాటిదంటారు. ముళ్ళు లేవు, గంట కొట్టడానికే చేశారట.

సాయంత్రం ప్రార్థనకు టికెట్ లేదన్నారు, కూర్చున్నాను. ఆడపిల్లలు పాడారు. 1991లో ఇక్కడ మొదలుపెట్టేదాకా ఇలాంటి పాత చర్చిల్లో దాదాపు అన్నిటా మగపిల్లల బృందాలే ఉండేవట. మాటలు సగం అర్థం కాలేదు, అయినా లేవబుద్ధి కాలేదు. అత్తయ్యకు మాత్రం చెప్పకండి, రేపటికల్లా మతం మారానని ఊరంతా చెబుతుంది. మధ్యాహ్నం గడ్డిలో కూర్చుని నేను తిన్నది పులిహోరే.

నాన్నగారూ, పైన వాటా వేయిద్దామని మేస్త్రీతో మాట్లాడారని తమ్ముడు చెప్పాడు. నా కోసమే అంటున్నారట. ఒక అంతస్తుకని వేసిన పిల్లర్లు అవి, మీరే నాతో అన్నారు. మనది రేగడి నేల, ఎండాకాలం వంటింటి గోడ ఎలా చీలుతుందో అమ్మను అడగండి. నేను రానని కాదు. వస్తాను. ఎప్పుడో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను, అలా అడిగితే కోపం వస్తుంది, కోపం వచ్చిందని తర్వాత ఏడుపొస్తుంది. నేను వచ్చినప్పుడు ముందు గదిలో చాప వేసుకుని పడుకుంటాను, ఎప్పుడు పడుకోలేదు గనుక? నేను పంపిన డబ్బు మీ ఎడమ కంటి ఆపరేషనుకు. సిమెంటుకు కాదు.

మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చి ఉంటే, దానితో డాబామీద కారుతున్న మూల బాగుచేయించుకోండి.

అమ్మ మోకాలి మాత్రలు అయిపోతే చీటీ ఫోటో తీసి పంపమనండి, మందుల షాపులో ఇచ్చిన వేరేవి వేసుకోవద్దు. ఊరగాయ పంపకండి, పోయినసారిదే ఇంకా ఉంది. గోంగూర అయితే పంపండి.

మీ
చిన్నమ్మాయి