హంద్రీ నీటికి డాఫ్నియా పరీక్ష కూడా పెట్టించండి

కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి,

అయ్యా, హంద్రీ తుంగభద్రలో కలిసేచోట పట్టిన నీటికి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), బీఓడీ, సీఓడీ (నీటిలోని మురుగు ఎంత ఆక్సిజన్ లాగేస్తుందో చెప్పే కొలతలు) అంకెలు మాత్రమే చాలవు. ఆ నీళ్లలో ప్రాణి బతుకుతుందో లేదో అవి చెప్పవు. పరిశ్రమలు వదిలే నీటిలో 96 గంటల తర్వాత 90 శాతం చేపలు బతకాలని నిబంధన ఉంది. డాఫ్నియా మాగ్నా అనే చిన్న మంచినీటి ప్రాణితో అయితే 48 గంటలు, కొన్ని చిన్న బీకర్లు చాలు.

పుట్టి 24 గంటలు దాటని డాఫ్నియా పిల్లల్ని బీకరుకు ఐదు చొప్పున వదలాలి. ఒక్కో పిల్లకు కనీసం 2 మిల్లీలీటర్ల నీరు. మేత వద్దు. శాంపిల్‌ను 100, 50, 25, 12.5, 6.25 శాతాలుగా పలచన చేసి, ప్రతిదానికీ నాలుగు బీకర్లు పెట్టాలి. పక్కన పోల్చి చూడటానికి శాంపిల్ కలపని మంచినీటి బీకర్లు (కంట్రోలు) తప్పనిసరి. 24, 48 గంటలకు బీకరు మెల్లగా కదిపి 15 సెకన్లు చూస్తే, ఈదనివి ఎన్నో తెలుస్తుంది. కంట్రోలులోనే 10 శాతానికి మించి ఆగిపోతే పరీక్ష చెల్లదు.

పరీక్ష చెడేది ఎక్కువగా మూడు చోట్ల. కుళాయి నీళ్లలో మిగిలిన క్లోరిన్ కంట్రోలునే చంపేస్తుంది. పిప్పెట్‌ను నీళ్లపైన పట్టి వదిలితే పెంకు కింద గాలి చిక్కి పిల్లలు పైకి తేలిపోతాయి. కొనను నీటిలో ముంచే వదలాలి. మురుగు కలిసిన శాంపిల్‌లో ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే తగ్గితే, చచ్చింది విషానికా, ఊపిరాడకా అన్నది తేలదు.

ఉష్ణోగ్రత 18–22 డిగ్రీలు దాటకూడదు. మన మే నెల ఎండల్లో ఏసీ ఒక్కదాన్నే నమ్ముకుంటే కరెంటు పోయిన రోజు పరీక్షా పోతుంది. ఇన్వర్టరున్న ఇంక్యుబేటర్ ఇప్పించండి.

ఇట్లు,
నీటి పరీక్షలు చేసే కొందరు కర్నూలు వాసులు