మూడు డ్రాల లెక్క

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నిన్న రాత్రి విజయవాడ హాస్టల్ నుంచి ఫోన్ చేసి నువ్వు అడిగిన ప్రశ్నకు నేను అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. చదరంగం పోటీలో తొమ్మిది రౌండ్లలో ఐదున్నర పాయింట్లు తెచ్చుకున్నా, ఓడినవాటికంటే గెలిచినవే ఎక్కువైనా, 1580 ఉన్న రేటింగ్ 1555కు ఎలా పడిపోతుందని నీ బాధ. పొద్దున్నే నీ స్కోర్ షీట్లు ముందు పెట్టుకుని ఒక్కొక్క ఆటా లెక్క వేసి చూశాను.

రేటింగ్ లేని ఇద్దరు పిల్లల మీద నువ్వు గెలిచిన ఆటలు నీ లెక్కలోకి రావు. మిగిలిన ఏడింటిలో నీకు వచ్చింది మూడున్నర. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన అర్పాద్ ఎలో రూపొందించగా 1970 నుంచి ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే అనుసరిస్తున్న ఈ పద్ధతిలో, ఇద్దరి రేటింగుల తేడాను బట్టి ఆ ఆటలో నీకు ఎంత రావాలో ముందే ఒక అంచనా ఉంటుంది. నీకు వచ్చిన పాయింటులోంచి ఆ అంచనాను తీసివేసి, మిగిలినదాన్ని నీ వయసువారికైతే 40తో హెచ్చవేస్తారు. 1780 ఉన్న ఆయనతో నీకున్న అంచనా 0.24 మాత్రమే కనుక, ఆ గెలుపుతో 30.4 రేటింగ్ పాయింట్లు వచ్చాయి. మర్నాడు 1430 ఉన్న అబ్బాయితో అంచనా 0.70, అక్కడ ఓడినందుకు 28 పోయాయి. ఏడు ఆటలకూ కలిపి నీకు రావలసింది 4.13, వచ్చింది 3.5. తగ్గిన 0.63ను 40తో హెచ్చవేస్తే 25.2.

ఈ 40 ఎప్పటికీ ఉండదు. పద్దెనిమిదేళ్లు నిండిన సంవత్సరం ముగిసేవరకు, అదీ 2300 లోపు ఉన్నంతకాలమే. తర్వాత అది 20 అవుతుంది. 2400కు చేరినవారికి 10. మన గుంటూరులో పుట్టి 2016లో 2770 దాకా వెళ్లిన గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ గారి స్థాయిలో ఒక్కొక్క పాయింటూ ఎంత కష్టమో దీన్నిబట్టి ఊహించుకో. నీకు మాత్రం పోయినంత వేగంగానే తిరిగి వస్తుంది.

పక్కింటి వాళ్ల అబ్బాయికి ఒకప్పుడు నీ వయసులో 1500 ఉండేదని వాళ్ల అమ్మగారు అన్న మాట కూడా మనసులో పెట్టుకోకు. 2024 మార్చిలో 2000 లోపు రేటింగులన్నిటినీ ఫిడే ఒక్కసారిగా పెంచింది. ఆనాటి 1500 ఆ మార్పుతో 1700 అయింది. పాత అంకెను నీ అంకె పక్కన పెట్టి చూడడం సరికాదు.

అసలు నేను ఈ ఉత్తరం వ్రాయడానికి కారణం వేరే ఉంది. బయలుదేరేముందు బస్టాండులో నీతో, "పొజిషన్ సమానంగా ఉంటే డ్రా తీసుకో, రేటింగ్ నిలబడుతుంది" అన్నాను. నువ్వు నా మాట విన్నావు. 1480, 1460, 1500 ఉన్న ముగ్గురితో డ్రా చేసుకున్నావు. నీకంటే తక్కువ రేటింగ్ ఉన్నవారితో డ్రా అంటే నిలబడడం కాదు, పోగొట్టుకోవడమేనని నాకు ఈ రోజు పెన్సిల్ పట్టుకుంటే గాని తెలియలేదు: 5.6, 6.4, 4.4. మొత్తం 16.4. నీకు తగ్గిన ఇరవై ఐదులో మూడింట రెండు వంతులు నా సలహా వల్లే పోయాయి తల్లీ. నిన్న ఫోనులో "ఇంకా జాగ్రత్తగా ఆడవలసింది" అని నిన్నే అన్నందుకు మనసు నొచ్చుకుంది.

1480 అమ్మాయితో ఆటను మన బోర్డు మీద వేశాను. 31వ ఎత్తు దగ్గర ఇద్దరికీ చెరొక ఏనుగు, నాలుగేసి బంట్లు ఉన్నాయి. కానీ నీ రాజు నడిమధ్యకు వచ్చేసింది, ఆ అమ్మాయి రాజు ఇంకా మూలనే ఉంది. నీకు గడియారంలో ఇరవై రెండు నిమిషాలు మిగిలి ఉన్నట్టు షీటు అంచున నువ్వే వ్రాసుకున్నావు. ఆ స్థితిలో చేయి కలిపావు.

బంటును ముందుకు తోయాలో, ఏనుగును ఏడో వరుసకు పంపాలో నాకు తోచడం లేదు. ఆ బోర్డును ఎవరినీ కదపనివ్వలేదు. మీ అమ్మ బల్ల తుడిచేటప్పుడు కూడా దాని చుట్టూ తుడిచింది. ఆదివారం ఇంటికి రాగానే ఆ ముప్ఫై రెండో ఎత్తు నువ్వే వెయ్యి. నల్లపావులతో నేను కూర్చుంటాను.

ఇట్లు,
నాన్న