సమీకరణంలో ఉంటే ఉన్నట్టేనా?

సంపాదకుడికి,

సమాంతర విశ్వాలు ఉన్నాయని గణితం రుజువు చేసిందంటూ సైన్స్ పేజీల్లో తరచుగా శీర్షికలు వస్తున్నాయి. గణితం రుజువు చేసేది గణితంలోని సంగతులనే. బయట ఒక వస్తువు ఉందో లేదో తేల్చాల్సింది పరిశీలన. ఈ తేడా చెరిగిపోతే పిల్లలు సైన్సునే తప్పుగా అర్థం చేసుకుంటారు.

ఫ్రెంచ్ ఖగోళవేత్త లెవెరియే సంగతే చూడండి. యురేనస్ గమనం లెక్కకు సరిపోకపోతే, అవతల మరో గ్రహం దాన్ని లాగుతోందని అనుకున్నారు. దాని చోటు కాగితం మీదే లెక్కగట్టి బెర్లిన్ వేధశాలకు ఉత్తరం రాశారు. 1846 సెప్టెంబర్ 23న ఉత్తరం అందింది. ఆ రాత్రే అక్కడి ఖగోళవేత్త గాలె టెలిస్కోప్‌లో చూస్తే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ కనిపించింది. గణితం సాధించిన ఇంతటి విజయం చరిత్రలో అరుదు.

అదే లెవెరియే 1859లో బుధుడి కక్ష్యలో చిన్న తేడా గమనించారు. మళ్లీ న్యూటన్ సూత్రాలతోనే లెక్క వేసి, సూర్యుడి దగ్గర కనిపించని పదార్థం ఏదో ఉండాలన్నారు. ఆ ఊహా గ్రహానికి వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు! చూశామన్నవాళ్లూ వచ్చారు. సూర్యగ్రహణాలప్పుడు ఎంత వెతికినా ఖాయంగా దొరకలేదు. చివరికి 1915లో ఐన్‌స్టైన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతంతో శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) ఆ తేడా ఏ కొత్త గ్రహమూ అక్కర్లేకుండానే కుదిరిపోయింది. మొదటిసారి సౌరకుటుంబంలో గ్రహం పెరిగింది, రెండోసారి సూత్రమే మారింది. ఏది జరగబోతోందో కాగితం మీది లెక్క ముందుగా చెప్పలేకపోయింది.

ప్రకృతికి గణితం ఇంత బాగా ఎందుకు నప్పుతుందన్నది నిజంగానే లోతైన ప్రశ్న. 1960లో భౌతికశాస్త్రవేత్త విగ్నర్ దీన్ని అద్భుతమనే అన్నారు. విశ్వమే ఒక గణిత నిర్మాణమని మరో భౌతికశాస్త్రవేత్త టెగ్‌మార్క్ వాదన. ఇలాంటివి చదవడం నాకెంతో ఇష్టం, మీరూ విరివిగా వేయండి. కానీ తాత్విక దృక్పథాన్ని తేలిపోయిన ఫలితంలా అచ్చువేయకండి. హిగ్స్ అనే మూలకణం ఉండాలన్న ప్రతిపాదన 1964 నాటిది. 2012లో ఐరోపా కణభౌతిక పరిశోధనా సంస్థ సెర్న్ ప్రయోగాల్లో ఆధారం దొరికేదాకా, అది ఉందని తేల్చకుండా శాస్త్రవేత్తలే ఆగారు.

అందుకే నా విన్నపం ఒక్కటే: ఇలాంటి ప్రతి కథనంలో గమనించినదేదో, సమీకరణం సూచిస్తున్నదేదో, ఒకరి అభిప్రాయమేదో మొదటి పేరాలోనే స్పష్టంగా రాయించండి.

- ఒక విశ్రాంత లెక్కల మాస్టారు, తెనాలి