కమిషన్ సున్నా సరే, చేతికి మిగిలేదెంత?

సంపాదకుల వారికి,

చేనేత, హస్తకళల వారికి ఆన్‌లైన్ అమ్మకాలపై శిక్షణ ఇచ్చారన్న వార్తలు జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తున్నాయి. సంతోషమే. కానీ ఎక్కడ అమ్మాలి అన్న ప్రశ్న వచ్చేసరికి 'కమిషన్ తక్కువున్న చోట పెట్టండి' అని తేల్చేస్తున్నారు. చిన్న వ్యాపారుల లెక్కలు చూసేవాళ్లం కాబట్టి చెబుతున్నాం, కమిషన్ అన్నది చివర్లో చూడాల్సిన అంకె.

ముందు తేల్చుకోవాల్సింది కొనేవాళ్లు ఏ రాష్ట్రం వాళ్లని. అనంతపురానికి బెంగళూరు పక్కనే, శ్రీకాకుళం రాష్ట్రానికి ఆ కొస. జీఎస్టీకి మాత్రం శ్రీకాకుళమే దగ్గర. ఏడాదికి 40 లక్షల లోపు సరుకు అమ్మేవారు రిజిస్ట్రేషన్ లేకుండానే అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటి మార్కెట్‌ప్లేస్‌లో అమ్ముకునే వీలు 2023 అక్టోబరు 1 నుంచి వచ్చింది. పాన్‌తో జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు. అయితే ఆ అమ్మకం రాష్ట్రం లోపలే జరగాలి. అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీములో ఉన్నవాళ్లకూ అంతే. సొంత వెబ్‌సైటు పెట్టుకుంటే ఈ గొడవ ఉండదనుకుంటారు గానీ, మన సైటు నుంచి బెంగళూరుకు పంపినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే, రిజిస్ట్రేషన్ కావాల్సిందే. నోటిఫై చేసిన హస్తకళా వస్తువులను నేరుగా అమ్మేవారికి మినహాయింపు ఉంది. మన వస్తువు ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఇక సరుకు. మార్కెట్‌ప్లేస్‌కు కావాల్సింది ఒకే రకం వస్తువు పదుల్లో, వందల్లో. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువాళ్ల లాంటివి అక్కడ బాగా ఇముడుతాయి. ఒక ఫొటో, నాలుగు రంగులు, స్టాకు అంకె, అంతే. ధర్మవరం పట్టుచీర అలా కాదు. ఆ రంగులో ఆ అంచుతో ఉన్నది ఒక్కటే ఉంటుంది. కొనేవారు కొంగు విప్పి చూపించమంటారు, పగటి వెలుతురులో వీడియో అడుగుతారు, అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ లేబుల్ చూపించమంటారు. దానికి వాట్సాప్ బిజినెస్ కేటలాగే నయం. ఖర్చు లేదు, 500 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు, డబ్బు ముందే వస్తుంది. నిమ్మలకుంట తోలుబొమ్మలు, తోలు ల్యాంప్‌షేడ్లూ అంతే. ఏ రెండూ అచ్చం ఒకేలా ఉండవు. మార్కెట్‌ప్లేస్‌లో పెడితే 'ఫొటోలో ఉన్నది రాలేదు' అని తిప్పి పంపుతారు. తయారుచేసేవారి కోసమే కేంద్ర జౌళి శాఖ నడిపే ఇండియా హ్యాండ్‌మేడ్ పోర్టల్ ఉంది. కమిషన్ లేదు. మన శిక్షణల్లో దాని పేరు ఎందుకో వినిపించదు.

అసలు దెబ్బ రిటర్న్‌ల దగ్గర. సొంత షాపులో క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి 900 రూపాయల చీర అమ్ముతున్నారనుకుందాం. చీర పడింది 650, కొరియర్ 80, ప్యాకింగ్ 20. జీఎస్టీ పక్కనపెడితే అమ్మిన చీరకు మిగిలేది 150. తీసుకోకుండా తిప్పి పంపిన చీరకు పోనూ రానూ కొరియర్, ప్యాకింగ్ కలిపి పోయేది 180. పది పార్సిళ్లలో రెండు వెనక్కొస్తే 840 మిగులుతుంది. నాలుగొస్తే 180. అయిదొస్తే చేతి నుంచి 150 పోతుంది. ఈ లెక్కలో కమిషన్ అన్న మాటే లేదు, చూడండి. మార్కెట్‌ప్లేస్‌లలో ఈ భారం ఎవరిదన్నది ఒక్కోచోట ఒక్కో తీరు. డెలివరీ కాకుండా వెనక్కొచ్చినదానికి ఒక నిబంధన, కొనుక్కున్నాక తిప్పి పంపినదానికి ఇంకొకటి. కమిషన్ పట్టిక కంటే ముందు ఆ పేజీ చదవాలి. తిరిగొచ్చిన పార్సిల్‌ను విప్పేటప్పుడు లేబుల్ కనిపించేలా, మధ్యలో ఆపకుండా వీడియో తీయాలి. మన చీర బదులు పాత చీర వచ్చిందని క్లెయిమ్ పెట్టడానికి అదొక్కటే ఆధారం. దానికీ గడువుంటుంది.

కొరియర్ బరువు తూకం ఒక్కదానితో తేలదు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేదాన్ని అసలు బరువుతో పోల్చి, ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ వేస్తారు. ముప్పావు కిలో చీరను 40×30×8 పెట్టెలో పెడితే 1.92 కిలోలు, అంటే రెండు కిలోల ఛార్జీ. అదే చీరను 35×25×5 పెట్టెలో సర్దితే 0.875, ఒక కిలో ఛార్జీతో పోతుంది. షోకు కోసం కొన్న పెద్ద పెట్టె లాభం మింగేస్తుంది.

సొంత వెబ్‌సైటే కావాలనుకుంటే అద్దె ఒక్కటే కాదు. నెల అద్దెకు షాపు సైటు ఇచ్చే షాపిఫైలో నెలవారీ చందాతో పాటు, దాని సొంత పేమెంట్ సేవ మన దేశంలో లేనందున డబ్బు వసూలు చేసిపెట్టే బయటి గేట్‌వే వాడినందుకు బేసిక్ ప్లాన్‌లో 2 శాతం తీసుకుంటారు. గేట్‌వే వాళ్లు మామూలుగా తీసుకునే 2 శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ వేరే. సొంత సైటులో షాపు పెట్టుకునే సాఫ్ట్‌వేర్ వూకామర్స్ ఉచితమే గానీ, సైటును సర్వర్‌లో ఉంచే హోస్టింగ్, అప్‌డేట్లు, సైటు హ్యాక్ కాకుండా చూసుకోవడం మన నెత్తినే. రీఫండ్, షిప్పింగ్, ప్రైవసీ పేజీలు, చిరునామా లేకపోతే గేట్‌వే దరఖాస్తు వెనక్కొస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, డొమైన్ (సైటు చిరునామా) మన పేరున, మన ఈమెయిల్‌తో కొనాలి. సైటు కట్టిన కుర్రాడి ఖాతాలో ఉంటే, అతను ఊరు మారిన రోజు షాపు తాళంచెవి కూడా అతనితోనే పోతుంది.

మార్కెట్‌ప్లేస్ సెటిల్‌మెంటులో కోతలు చూసి కంగారుపడేవారికి ఒక మాట. జీఎస్టీ టీసీఎస్, అంటే అమ్మకంపై మార్కెట్‌ప్లేస్ ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టేది, 2024 జులై 10 నుంచి 0.5 శాతం. రిజిస్టరైనవారు పోర్టల్‌లో ఆమోదిస్తే అది అక్కడి మన నగదు ఖాతా అయిన క్యాష్ లెడ్జర్‌లోకి తిరిగొస్తుంది. ఆమోదించడం మరిచి వదిలేసేవారే ఎక్కువ. అలాగే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను టీడీఎస్ 2024 అక్టోబరు నుంచి 0.1 శాతం. ఏడాదికి 5 లక్షల లోపు అమ్మే వ్యక్తులు పాన్ లేదా ఆధార్ ఇస్తే అదీ పట్టుకోరు. కమిషన్, ఇతర ఫీజులపై పడే 18 శాతం జీఎస్టీని మామూలు రిజిస్ట్రేషన్ ఉన్నవారు తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకునేలా క్రెడిట్‌గా వాడుకోవచ్చు, కాంపోజిషన్‌లో ఉన్నవారికి ఆ వీలు లేదు.

శిక్షణ ఏర్పాటు చేసే అధికారులకు మా విన్నపం ఒక్కటే. ఖాతా తెరిపించి ఫొటోలు దిగి పంపేయకండి. ప్రతి ఒక్కరినీ తమ సరుకు ఒకటి తెమ్మనండి. టేపు, తూకం పెట్టి పార్సిల్ కట్టించి, పదింట మూడు వెనక్కొస్తే ఎంత మిగులుతుందో వాళ్ల చేతే కాగితం మీద రాయించండి. ఆ తర్వాతే ఏ షాపో ఎంచుకోమనండి.

– చిన్న వ్యాపారుల లెక్కలు చూసే మిత్రులు, అనంతపురం